కందికాయపైని ఈకపురుగును చిక్కుడుపైని ఈకపురుగును

కంది పూతకు వచ్చు దినములలో సాయంకాలమున గట్టువెంట నడచునపుడు, పుల్లవంటి సన్నని దేహమును పొడవైన కాళ్లునుగల చిన్న గోధుమవన్నె పురుగులు లేచి, కొంచెము దూరమున మరల వ్రాలుట మనము చూచుచుందుము. వీని ముందురెక్క రెండుగను, వెనుకరెక్క మూడుగను చీలియుండును. చీలికల యంచులందు నూగు ఈకవలె నుండుటచే వీనికి ఈకరెక్కల పురుగులని పేరు వచ్చినది. రెక్కల పురుగు పైరును తినదు. హాని చేయునది దాని గొంగళియే.

ఈ కుటుంబములో మన పైరులకు ముఖ్యమైనవి రెండు జాతులు. కందికి ప్రధానశత్రువగు దానిని శాస్త్రజ్ఞులు ఎక్సెలాస్టిస్ అటమోసా యందురు. చిక్కుడును, సొరపాదును ఆశ్రయించుదానిని వ్యవసాయ గ్రంథములు స్ఫెనార్కిస్ కాఫర్ అని పేర్కొనుచున్నవి.

కందిపురుగు గొంగళి ఆకుపచ్చ కలిసిన గోధుమవన్నెతో, ఒడలెల్ల పొట్టి వెండ్రుకలతో నుండును. మొదట కాయపై తోలును గీకి, పిదప చిన్న రంధ్రము చేసి, తాను వెలుపలనే యుండి లోని గింజను తినును. కాయపైననే కోశస్థదశకు వచ్చును. ఆ కోశమునకును వెండ్రుకలుండుటచే గొంగళియే కదలక పడియున్నట్లు తోచును. రెండవజాతి గొంగళి పసుపు కలిసిన పచ్చనిది. చిక్కుడున మొగ్గలను, పూవులను, లేతకాయలను తొలుచును. సొరపాదున ఆకులకు చిన్న రంధ్రములు చేయును.

అయితే రంగొక్కటే నమ్మదగినది కాదు. మొదటిజాతి చిక్కుడుపైనను, రెండవది కందిపైనను కన్పట్టుట కలదు. అందుచే దీపమునొద్ద చేరిన రెక్కల పురుగును చూచి మందునకు పరుగిడక, పూవులను కాయలను విప్పి చూడవలెను.

ఈ పరీక్ష యెందులకనగా, కందికాయ సాధారణముగ పండి యెండినపిదపనే యింటికి వచ్చును. చిక్కుడుకాయనో కొలది దినములకొకసారి కోసి కూరకు వాడుదుము. కందిచేనికి కొన్న విషపుమందునే చిక్కుడుపందిరిపై చల్లినచో అది మన బిడ్డల కంచములోనికే చేరును. పెరటిపందిరిపై పురుగుపట్టిన మొగ్గలను, కాయలను చేతితో ఏరి నాశనము చేయుటయే మేలు.

కందిచేనున పూతదశనుండియే కనిపెట్టి యుండవలెను. 5 కిలోల వేపగింజల పప్పును దంచి, రాత్రి నీట నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బుపొడి చేర్చి, మొత్తము 100 లీటర్లగునట్లు నీరు కలిపి సాయంకాలమున చల్లవచ్చును. గొంగళి కాయవెలుపలనే యుండునుగనుక మందు దానికి తగులును. గింజ పోయిన పిదప ఎంత చల్లినను ఫలము లేదు. కావున సోదరకర్షకులు వారమునకొకసారియైన చేనిలో నలుమూలల కాయలు కోసి చూతురని కోరుచున్నాము.