మూడు రూపాయల వడ్డీ

లోభి ఎవరయ్యా అంటే ప్రతివారూ పక్కింటివైపు వేలు చూపిస్తారు. మనం చేస్తే జాగ్రత్త, పక్కవాడు చేస్తే పిసినారితనం. మన అబ్బాయికి వచ్చింది లాంఛనం, ఎదురింటి అబ్బాయికి వచ్చింది కట్నం. మనకున్నది ముందుచూపు, పరులకున్నది దురాశ.

ఈ విషయంలో మన భాష కూడా మనకు బాగానే సాయపడుతుంది. రూపాయికి పదహారణాల లెక్క పోయి, 1957 ఏప్రిల్ 1న నూరు నయాపైసల లెక్క వచ్చింది. పావలా బిళ్ల సైతం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. అయినా మన నోట ఆ నాణేలన్నీ నిక్షేపంగా చెల్లుతూనే ఉన్నాయి. పనికిమాలినవాడు నేటికీ 'కానీకి కొరగాడు'. పిల్లకు పట్టులంగా కడితే నేటికీ 'పదహారణాల' తెలుగమ్మాయే. ఇక పావలా అంటారా, అది వడ్డీలో భద్రంగా దాక్కుంది. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా. ఏడాదికి మూడు రూపాయలు.

కిటుకంతా ఈ నెలసరి లెక్కలోనే ఉంది. 'రెండు రూపాయల వడ్డీ' అంటే చెవికి ఎంతో ధర్మంగా వినిపిస్తుంది. అదే 'నూటికి ఏడాదికి ఇరవైనాలుగు' అంటే గుండె గుభేలుమంటుంది. మాట చిన్నది కావడం వల్ల అప్పిచ్చేవాడికి పాపం అనిపించదు, తీసుకునేవాడికి ప్రమాదం కనిపించదు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. గురుదక్షిణ చెల్లించి నేర్చుకున్నాను.

2016 ఫిబ్రవరిలో మా వీధి పెద్దమనిషి ఒకాయన, వ్యాపారానికి పెట్టుబడి కావాలనీ, మూడు రూపాయల వడ్డీ ఇస్తాననీ అన్నాడు. బ్యాంకువారు ఏడాదికి ఏడో ఎనిమిదో ఇస్తున్న రోజులవి. అమ్మాయి చదువుకని దాచిన యాభైవేలు నా కళ్లముందు మెదిలాయి.

"అంత వడ్డీ ఇవ్వడానికి ఆయనకెక్కణ్ణించి వస్తుందండీ?" అంది మా ఆవిడ.

"నీకు వ్యాపారం తెలియదు" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

మార్చి మొదలు అక్టోబరు దాకా ప్రతినెలా ఒకటో తారీఖున ఠంచనుగా పదిహేను వందలు వచ్చాయి. దీపావళినాటికి ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. పన్నెండువేలు పోను నాకు మిగిలిన నష్టం ముప్ఫై ఎనిమిదివేలు. వడ్డీ మీద నా కన్ను, అసలు మీద ఆయన కన్ను!

దురదృష్టం చూడండి, సరిగ్గా ఆ వారమే క్లాసులో 'కన్యాశుల్కం' చెప్పవలసి వచ్చింది. 1892లో ప్రదర్శించిన నాటకం, 1897లో అచ్చయింది. డబ్బిచ్చి పిల్లను కొనుక్కోబోయిన ముసలి లుబ్ధావధాన్లు చౌకబేరానికి ఆశపడి, ఆడవేషంలో ఉన్న మగపిల్లవాణ్ణి పెళ్లాడతాడు. పిల్లలు విరగబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా గడపలోకి వచ్చిన మూడు రూపాయల వడ్డీ కూడా అలా వేషం కట్టుకొచ్చిందే గదా! ఆ ముసలాయన తనకు జరిగిన మోసానికి గగ్గోలైనా పెట్టాడు. లెక్చరర్ని కనుక నాకు ఆ సదుపాయం కూడా లేదు.

మరి కొద్దిరోజులకే, నవంబరు 8 రాత్రి, ఐదువందలూ వెయ్యీ నోట్లు ఇక చెల్లవన్నారు. మా ఆవిడ చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి పోపులడబ్బా తెచ్చింది. ఆవాల గిన్నె, మెంతుల గిన్నె తీసేసరికి అడుగున మడతపెట్టిన నోట్లు! లెక్కపెడితే పందొమ్మిది ఐదువందలు. ఇల్లంతా ఇంగువ వాసన.

"ఇంత దాచిపెట్టుకుని కరివేపాకుకు కూడా నన్ను చిల్లర అడిగేదానివా? ఎంత లోభివే!" అన్నాను.

ఆవిడ గిన్నెలు మళ్లీ సర్దుకుంటూ తాపీగా అంది: "నేను దాచినవి రేపో ఎల్లుండో బ్యాంకులో పుచ్చుకుంటారు. మీరిచ్చినవి పుచ్చుకున్నాయన ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కోండి ముందు."

రెండుపూటలు వరుసలో నిలబడి ఆ తొమ్మిదివేల ఐదువందలూ ఖాతాలో వేసివచ్చాను. జనవరిలో అమ్మాయి ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. ఆవిడ ముందుగానే తీయించి మళ్లీ డబ్బాలో పెట్టిందేమో, కొత్తనోట్లకు కూడా ఇంగువ వాసన పట్టింది. గుమాస్తా ఒకసారి వాసన చూసి నావంక అదోలా చూశాడు.

అప్పటినుంచీ లోభి ఎవరని అడిగితే నేను పక్కింటివైపు చూపించడం మానేశాను. పోపులడబ్బాలో ఇప్పుడెంత ఉందో నేను అడగను, ఆవిడ చెప్పదు. ఇల్లు సవ్యంగానే నడుస్తోంది.