ఫోన్ నంబరు చెప్పండమ్మా!

పావుకిలో జీడిపప్పు కొన్నా, పిల్లలకు రెండు జతల సాక్సులు కొన్నా బిల్లు వేసేచోట ఇప్పుడు మొదటి ప్రశ్న ఒకటే. "ఫోన్ నంబరు చెప్పండి మేడమ్!" డబ్బు సంగతి ఆ తర్వాతే. అడిగే అబ్బాయి మన మొహం కూడా చూడడు. కంప్యూటరు మీద వేళ్లు పెట్టుకుని సిద్ధంగా ఉంటాడు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్లు తొందరపడుతుంటారు. మనం కూడా పది అంకెలూ గడగడా అప్పజెప్పేస్తాం. ఎందుకయ్యా అని అడగడానికి మొహమాటం. పెద్దలు ఊరికే అన్నారా, అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని!

ఆలోచిస్తే చిత్రంగా ఉంటుంది. వంకాయలు ఏరుకునేటప్పుడు ఒక్క పుచ్చు కనబడితే చాలు, తీసి పక్కన పెడతాం. చీర మడత విప్పి వెలుతుర్లో చూడందే కొనం. గిన్నె కొంటే మోగించి చూస్తాం. అంత జాగ్రత్తగా సంసారం నడిపే ఆడవాళ్లం, ఈ నంబరు దగ్గర మాత్రం బేరమే ఆడం. ఎందుకంటే అది ధరలా కనిపించదు. కానీ అదీ ధరే. బిల్లు మీద ముద్రించే ధర ఒకటి, ముద్రించకుండా మన దగ్గర తీసుకునేది ఇంకొకటి. ఆ రెండో ధర ఎంతో తెలియకుండా కొనడం ఎంతవరకు సబబు?

"నంబరిస్తే ఏం పోతుంది? నాలుగు మెసేజులొస్తాయి, చూడకుండా తీసేస్తాం" అంటుంది మా పక్కింటి వదిన. మెసేజులతో పోతే నేనూ ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

మా తోడికోడలి కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నిరుడు సంక్రాంతికి ఒక బట్టల కొట్లో నీలం రంగు కుర్తీ కొనుక్కుంది. నంబరిస్తే తగ్గింపుల సంగతి తెలియజేస్తామన్నారు, ఇచ్చింది. నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ఒక మెసేజు. 'నీలం రంగు మీకు బాగా నప్పుతుంది' అని. పిల్ల గుండె జారిపోయింది. ఎవరని అడిగితే జవాబు లేదు. వద్దని చెప్పి ఆ నంబరును బ్లాక్ చేస్తే, మర్నాడు ఇంకో నంబరు నుంచి. వారం రోజులు ఎవరికీ చెప్పుకోలేక, అన్నం సరిగా తినక తనలో తనే కుమిలిపోయింది. చివరికి వాళ్లమ్మకు తెలిసింది.

ఇక చూడండి, ఇంట్లో ఎంత రభస! "ముందు ఆ ఫోన్ తీసేసుకోండి" అన్నారు బావగారు. "కాలేజీ చాలు, సంబంధాలు చూసేద్దాం" అన్నారు అత్తయ్య. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా అనే పాత సామెత కూడా ఎవరో గుర్తు చేశారు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని ఒక్క మాట అడిగింది. "పిన్నీ, కుర్తీ కొనుక్కున్నందుకు నా చదువు మానిపిస్తారా?"

ఎన్నో కథలు రాశాను కానీ, ఇంత సూటి వాక్యం నా పాత్రలెవరూ మాట్లాడలేదు.

మర్నాడు బావగారూ, నేనూ, మా తోడికోడలూ ఆ కొట్టుకు వెళ్లాం. మెసేజులన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచమని పిల్లకు ముందే చెప్పాను. మేనేజరు మొదట "మా దగ్గర నుంచి అయి ఉండదండీ" అన్నాడు. "కొన్నది నీలం కుర్తీ అని మీ కొట్లోవాళ్లకు కాక ఇంకెవరికి తెలుసు?" అని మా తోడికోడలు అడిగేసరికి ఆయన దగ్గర సమాధానం లేదు. బిల్లులు వేసే కుర్రాళ్లలో ఒకడి పని అని సాయంత్రానికి తేలింది. వాణ్ని పనిలోంచి తీసేశామన్నారు. పిల్ల నంబరు వాళ్ల కంప్యూటరులోంచి తీసేసినట్టు కాగితం మీద రాయించుకుని మరీ వచ్చాం. మెసేజులు ఆగిపోయాయి. పిల్ల ఫోన్ పిల్ల దగ్గరే ఉంది. చదువూ సాగుతోంది.

అందరికీ ఇంత తేలిగ్గా తేలకపోవచ్చు. అందుకే మన పక్షాన ఏముందో తెలుసుకుని ఉండటం మంచిది.

చట్టం ఏమంటోంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో కొత్తగా వచ్చింది. 2020 జులై నుంచి అమలవుతోంది. కొన్న వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మనం నమ్మి ఇచ్చిన సొంత వివరాలను ఇంకొకరికి చేరవేయడమూ (చట్టం ఒప్పుకున్న సందర్భాల్లో తప్ప) అంతే. ఇక 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ఫోన్ నంబరు ఇవ్వాల్సిందేనని కొనేవాళ్లను పట్టుబట్టవద్దని దుకాణాలకు సూచించింది. కాబట్టి 'నంబరు లేకపోతే కంప్యూటరు బిల్లు తీసుకోదండీ' అంటే అది కంప్యూటరు బాధ, మన బాధ కాదు!

దీనికంతటికీ పునాది అనదగ్గ తీర్పు 2017 ఆగస్టు 24న వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు. 2012లో కేసు వేసేనాటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఆ వయసులో ఆయన కోర్టు మెట్లెక్కితే, మనం బిల్లు కౌంటరు దగ్గర ఒక్క మాట అడగలేమా?

మన వివరాలు తీసుకునేవాళ్లు వాటిని ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, మన అనుమతి పొందాలి అనే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపార సంస్థలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు ఆనాటి నుంచి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు.

ఇక రాత్రిపూట మెసేజులు పెట్టేవాళ్ల సంగతి. ఆడమనిషి ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా మళ్లీ మళ్లీ వెంటపడి మాట కలపాలని చూడటం నేరం. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారం మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అందుకే అలాంటి మెసేజు వస్తే భయంతో చెరిపేయకూడదు. 'నాకు మెసేజులు పెట్టొద్దు' అని ఒక్కసారి రాసి, స్క్రీన్‌షాట్ తీసుకుని, అప్పుడు బ్లాక్ చేయాలి. చెరిపేస్తే మన సాక్ష్యం మనమే పారేసుకున్నట్టు.

ఎవరికి ఇవ్వాలి? ఎవరికి అక్కర్లేదు?

అలాగని నంబరు ఎవరికీ చెప్పనని భీష్మించుకుంటే సంసారం సాగదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి. నేను మూడు రకాలుగా విడదీసుకుంటాను.

తప్పనిసరిగా ఇవ్వాల్సినవాళ్లు: బ్యాంకు, గ్యాసు కంపెనీ, ఆధార్, ఆసుపత్రి, పిల్లల బడి. వీళ్ల దగ్గర సరైన నంబరే ఉండాలి, మారిస్తే వెంటనే చెప్పాలి. గ్యాసు బండ తెచ్చినప్పుడు అడిగే కోడ్ మాత్రం బండ గుమ్మంలోకి వచ్చాకే చెప్పాలి, ఫోన్లో కాదు.

అవసరాన్ని బట్టి ఇవ్వాల్సినవాళ్లు: ఫ్రిజ్జో, వాషింగ్ మెషీనో కొంటే ఇంటికి తెచ్చేవాడికీ, బిగించే మెకానిక్‌కూ దారి చెప్పాలి కదా! అక్కడ ఇవ్వాల్సిందే. అయితే అమ్మాయిల నంబరే ఇవ్వక్కర్లేదు, ఇంట్లో మగవాళ్లది ఇవ్వొచ్చు. పని అయ్యాక ఆ సంబంధం అంతటితో సరి.

అసలు అక్కర్లేనివాళ్లు: బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, కిరాణా, ఎగ్జిబిషన్లో 'లక్కీ డ్రా' డబ్బా. కొన్నది మార్చుకోవాలంటే చూపించాల్సింది బిల్లు. అది భద్రంగా దాచుకుంటే చాలు. పాయింట్లు వస్తాయంటారా? ఏడాదికి ఎంత తగ్గింపు వచ్చిందో ఒకసారి లెక్క కట్టి చూడండి. నిజంగా మిగులుతోందనిపిస్తే ఇవ్వండి, తప్పు లేదు. అప్పుడది తెలిసి చేసిన బేరం.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యమే. తగువు అక్కర్లేదు. "నంబరు ఇవ్వనండీ, బిల్లు కాగితం ఇచ్చేయండి" అని మామూలు గొంతుతో అనడమే. నేను చాలాకాలంగా అదే అంటున్నాను. చాలాచోట్ల మారుమాట లేకుండా బిల్లు వేసేస్తారు. మరీ మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది. తప్పక ఇవ్వాల్సి వస్తే మాత్రం వరసలో అందరికీ వినబడేలా అరిచి చెప్పొద్దు. చీటీ మీద రాసి చూపించి, ఆ చీటీ వెనక్కి తీసుకోండి.

రెండో నంబరు ఒకటి పెట్టుకోవడం ఇంకో ఉపాయం. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ములు పడతాయి. బ్యాంకుకూ అయినవాళ్లకూ ఒకటి, బయట పనులకు ఒకటి. రీఛార్జి ఖర్చు ఉంటుంది కాబట్టి, ఆడపిల్లలున్న ఇంట్లో అందరి బయటి పనులకూ కలిపి ఒక్క నంబరు ఉంచుకున్నా సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. రీఛార్జి చేయకుండా వదిలేసిన నంబరును కొంతకాలానికి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఏ నంబరైనా వదిలేసే ముందు బ్యాంకులో, ఆధార్‌లో మార్పించుకోవాలి.

వాట్సాప్‌లో కూడా చిన్న సవరణలున్నాయి. ప్రైవసీ అనేచోటికి వెళ్లి, మన ఫొటో మనకు తెలిసినవాళ్లకే కనిపించేలా, గ్రూపుల్లో తెలిసినవాళ్లే చేర్చగలిగేలా పెట్టుకోవచ్చు. రెండు నిమిషాల పని. పిల్లల్ని అడిగితే వాళ్లే చేసిపెడతారు.

పాత ఫోనుకు ప్లాస్టిక్ డబ్బానా?

నంబరు సంగతి చూసుకుని ఫోన్ సంగతి వదిలేస్తే ఎలా? "పాత ఫోన్లు కొంటాం" అంటూ వీధుల్లోకి వస్తుంటారు. పాడైపోయిన ఫోన్ ఇస్తే ఒక డబ్బానో, బకెట్టో ఇస్తారు. పాత చీరలకు స్టీలు గిన్నెలు తీసుకున్న అలవాటు మనది, ఇదీ అలాంటిదే అనుకుంటాం. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో పోలీసులు కొందరిని పట్టుకుంటే, ఇలా ఊళ్లమీద పోగుచేసిన ఫోన్లు సుమారు 4,000 దొరికాయి. వాటిని సైబర్ మోసగాళ్లకు చేరవేస్తున్నారని పోలీసులు చెప్పారు.

చీర ఇస్తే చీరే పోతుంది. ఫోన్ ఇస్తే అందులో మన ఫొటోలూ, చుట్టాలందరి నంబర్లూ పోతాయి. కాబట్టి ఇచ్చే ముందు సిమ్మూ, మెమరీ కార్డూ తీసేయాలి. గూగుల్ ఖాతా తొలగించి, 'ఫ్యాక్టరీ రీసెట్' చేయాలి. అసలు తెరుచుకోని ఫోనైతే వీధిలో ఇవ్వొద్దు. కొత్త ఫోన్ కొన్న దుకాణంలోనో, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోటో బిల్లు రాయించుకుని ఇవ్వడం మేలు. ఇంతచేసీ ఆ డబ్బా ఖరీదెంతని!

ఇవన్నీ తెలుసుకున్నాక కూడా ఎక్కడో ఒకచోట నంబరు బయటికి పోవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. 'నువ్వెందుకు ఇచ్చావు?' అని మొదలుపెడితే ఆ పిల్ల రెండోసారి మనకు చెప్పదు. చెప్పకపోతే, బయటివాడి బెదిరింపు ఇంకా పెరుగుతుంది. తప్పు చేసినవాడు వాడు. ఫోన్ లాక్కోవడం, కాలేజీ మానిపించడం పిల్లకు వేసే శిక్షలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు!

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త తీరిక చేసుకుని, ఆడపిల్లల్నీ, మగపిల్లల్నీ కూడా కూర్చోబెట్టుకోండి. ఎవరి నంబరు ఎక్కడెక్కడ ఉందో ఒక కాగితం మీద రాయించండి. అక్కర్లేని చోట తీసేయమని అడగండి. అలాగే అమ్మాయిలతో ఒక మాట చెప్పి ఉంచండి. "ఎవరైనా వేళకాని వేళ మెసేజు పెడితే ముందు నాకు చెప్పు. నీ ఫోన్ తీసుకోను."

ఆ మాట మీద నిలబడటం మన వంతు. ఏమంటారు?