ఊపిరి, కదలిక, నిమ్మళం

చైనా దేశంలో పొద్దున్నే పార్కుల్లోకి జనం వస్తారు. ఎక్కువమంది పెద్ద వయసు వాళ్లు. ఆడవాళ్లూ ఉంటారు. మగవాళ్లూ ఉంటారు. చెట్ల కింద వరసగా నిలబడతారు. అందరూ కలిసి చేతులు మెల్లగా పైకి ఎత్తుతారు. మెల్లగా దించుతారు. పరుగు ఉండదు. గెంతులు ఉండవు. చూసేవాళ్లకు నీళ్లలో నడుస్తున్నట్టు ఉంటుంది.

వాళ్లు చేసేది ఒక రకం కసరత్తు. దాని పేరు చీగాంగ్. దానికి దగ్గరిదే తాయ్ చీ.

చీగాంగ్ అంటే ఏమిటి?

"చీ" అంటే ఊపిరి, గాలి. ఒంట్లో తిరిగే ప్రాణశక్తిని కూడా చైనావాళ్లు చీ అంటారు. "గాంగ్" అంటే సాధన. రోజూ చేసి చేసి నేర్చుకునే పని.

ఇందులో మూడు సంగతులు ఉంటాయి. ఒకటి, ఊపిరి నిదానంగా తీసి వదలడం. రెండు, ఒళ్లు మెల్లగా కదపడం. మూడు, మనసు ఒక చోట నిలపడం. మూడూ కలిసి జరగాలి.

మన దేశంలో ఆసనాలు, ప్రాణాయామం ఉన్నాయి కదా! ఇదీ అలాంటిదే. కానీ చీగాంగ్ ఎక్కువగా నిలబడి, కదులుతూ చేస్తారు. దానికి చాప కూడా అక్కర్లేదు.

సమాధిలో దొరికిన పట్టుబట్ట

ఈ కసరత్తు ఎంత పాతది? దానికి ఒక సాక్ష్యం దొరికింది.

చైనాలో చాంగ్‌షా అనే పట్టణం ఉంది. అక్కడ మావాంగ్‌దుయ్ అనే చోట పాత దిబ్బలు ఉన్నాయి. 1972 నుంచి 1974 దాకా వాటిని తవ్వారు. మూడు సమాధులు బయటపడ్డాయి. అవి దాదాపు 2,200 ఏళ్ల కిందటివి.

ఒక సమాధిలో ఒక మంత్రి భార్య శవం ఉంది. ఆమె పేరు షిన్ జూయ్. అన్నేళ్లయినా శవం కుళ్లిపోలేదు. డాక్టర్లు పరీక్ష చేశారు. ఆమె వయసు దాదాపు 50 ఏళ్లు. గుండెకు నెత్తురు చేర్చే నాళాలు పూడుకుపోయి ఉన్నాయి. ఆమె కలిగిన ఇంటి మనిషి. తిండికి లోటు లేదు. అయినా గుండె జబ్బు ఆమెను వదల్లేదు.

ఇంకో సమాధి ఆమె కొడుకుదని చెబుతారు. అందులో ఒక పట్టుబట్ట దొరికింది. దాని మీద 44 మనుషుల బొమ్మలు గీసి ఉన్నాయి. ఆడవాళ్లూ ఉన్నారు, మగవాళ్లూ ఉన్నారు. ఒకరు వంగి ఉన్నారు. ఒకరు చేతులు చాచి ఉన్నారు. ఒకరు పొడుగాటి కర్ర పట్టుకుని ఉన్నారు. కొన్ని బొమ్మల పక్కన జంతువుల పేర్లు రాశారు. కొన్నిటి పక్కన జబ్బుల పేర్లు రాశారు.

అంటే ఒంటికి కసరత్తు కావాలని అంత పాతకాలంలోనే తెలుసు. అది ఆడవాళ్లకూ కావాలనీ తెలుసు.

ఐదు జంతువుల ఆట

సుమారు 1,800 ఏళ్ల కిందట చైనాలో హువా తువో అనే వైద్యుడు ఉండేవాడు. ఒంటికి శ్రమ కావాలి, కానీ ఒళ్లు హూనమయ్యే శ్రమ వద్దు అనేవాడు. ఆయన ఐదు జంతువులను చూసి ఒక కసరత్తు చెప్పాడని అంటారు. అవి పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి. పులిలా పంజా చాచాలి. ఎలుగుబంటిలా ఊగాలి. పక్షిలా రెక్కలు విప్పాలి. చైనాలో ఇప్పటికీ ఇది చేస్తారు.

ఎనిమిది కదలికలది ఇంకో కసరత్తు ఉంది. దాని పేరు బాదువాన్‌జిన్. అంటే ఎనిమిది పట్టుముక్కలు. ఒక కదలికలో రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తినట్టు చాస్తారు. ఒక దానిలో విల్లు లాగినట్టు లాగుతారు. ఒక దానిలో మెల్లగా తల తిప్పి వెనక్కి చూస్తారు. ఆఖరి దానిలో మడమలు ఎత్తి దించుతారు.

ఊపిరితో ఒంట్లో ఏం జరుగుతుంది?

రొమ్ముకూ పొట్టకూ మధ్య ఒక పలచని కండ ఉంటుంది. అది బోర్లించిన మూకుడులా ఉంటుంది. లోతుగా ఊపిరి తీస్తే అది కిందికి దిగుతుంది. పొట్ట ఉబ్బుతుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా గాలి నిండుతుంది.

భయం వేస్తే ఊపిరి వేగంగా ఆడుతుంది. గుండె దడదడలాడుతుంది. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం కూడా తగ్గుతుంది. మనసు కుదుటపడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఒంటి తీరే అంత.

పెద్ద వయసు వాళ్లకు తాయ్ చీ మేలు చేస్తుంది. కాళ్లలో బలం, నిలకడ పెరుగుతాయి. పడిపోవడం తగ్గుతుంది. అమెరికాలో వణుకుడు జబ్బు ఉన్న 195 మందితో ఒక పరీక్ష చేశారు. కొందరు వారానికి రెండుసార్లు, 24 వారాలు తాయ్ చీ చేశారు. వాళ్లకు నిలకడ బాగా కుదిరింది. ఈ సంగతి 2012లో అచ్చయింది.

పని చేసేవాళ్లకు కసరత్తు ఎందుకు?

"పొద్దస్తమానం పనే కదా! ఇంక కసరత్తు ఎందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. ఆ మాట నిజమే. కానీ పని వేరు, కసరత్తు వేరు. నాట్లు వేసేటప్పుడు నడుము గంటల తరబడి ఒకే వైపు వంగి ఉంటుంది. బీడీలు చుట్టినా, మిషన్ కుట్టినా మెడ ఒకే తీరున ఉంటుంది. కసరత్తులో ఒళ్లు అన్ని వైపులా కదులుతుంది. ఊపిరికి తీరిక దొరుకుతుంది. ఆ పది నిమిషాలూ ఆ మనిషివే.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

చైనాలో గువో లిన్ అనే ఆవిడ ఉండేది. ఆమె బొమ్మలు గీసే కళాకారిణి. ఆమెకు గర్భసంచిలో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్లు అయ్యాయి. ఆ తర్వాత నడుస్తూ చేసే చీగాంగ్ సాధన చేసింది. బీజింగ్ పార్కుల్లో ఎంతోమందికి నేర్పింది. 1984లో చనిపోయింది. ఆమె ధైర్యం మెచ్చుకోదగ్గది. కానీ ముందు ఆమె ఆపరేషన్ చేయించుకుంది. అది మరవకూడదు.

1980ల్లో, 1990ల్లో చైనాలో చాలామంది గురువులు బయలుదేరారు. ముట్టుకోకుండానే రోగం తీసేస్తామన్నారు. జనం నమ్మారు. కొందరు మందులు మానేసి నష్టపోయారు. తర్వాత ప్రభుత్వం కట్టడి చేసింది. 2003లో నాలుగు మామూలు కసరత్తులను ఎంచి నేర్పించింది. వాటిలో ఐదు జంతువుల ఆట ఉంది. ఎనిమిది పట్టుముక్కలూ ఉన్నాయి.

చీగాంగ్ ఒంటికి తోడు. మందుకు బదులు కాదు. క్షయకు, షుగరుకు, బీపీకి, క్యాన్సర్‌కు డాక్టరు ఇచ్చిన మందులు మానకూడదు. ఊపిరి కసరత్తుతో రోగం పోతుందని డబ్బు అడిగేవాళ్లను నమ్మకూడదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

చేసి చూడండి

1. గోడ పక్కన నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. మోకాళ్లు బిగించకండి.

2. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో ఊపిరి తీయండి. చెయ్యి ముందుకు రావాలి. మెల్లగా వదలండి. ఇలా ఐదుసార్లు చేయండి.

3. ఊపిరి తీస్తూ రెండు చేతులూ పైకి చాచండి. వదులుతూ దించండి. ఇలా ఐదుసార్లు చేయండి.

4. గోడ పట్టుకుని మడమలు ఎత్తండి. మెల్లగా దించండి. ఇలా ఏడుసార్లు చేయండి.

ఊపిరి బిగబట్టకండి. కళ్లు తిరిగితే, నొప్పి పుడితే ఆపి కూర్చోండి. అన్నం తిన్న వెంటనే చేయకండి.

నలుగురూ కలిసి మాట్లాడుకోండి

పట్టుబట్ట మీద ఎంతమంది బొమ్మలు ఉన్నాయి?

మీ పనిలో ఒంట్లో ఏ భాగం ఎక్కువ నొప్పి పెడుతుంది?

మందులు మాని నష్టపోయిన వాళ్లు మీ ఊళ్లో ఉన్నారా? వాళ్లకు అలా చెప్పింది ఎవరు?

రోజులో పది నిమిషాలు మీకోసం మిగలాలంటే ఇంట్లో ఎవరు ఏ పని అందుకోవాలి?