మంచు పొరల క్రింది ముప్పు

2022వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీ ఉదయమున, ఉత్తరాఖండ్ రాష్ట్రములోని ఉత్తరకాశి జిల్లాలో 'ద్రౌపదీ కా డాండా' అను శిఖరముపైకి ఒక జట్టు ఎక్కుచుండెను. వారు నెహ్రూ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందుచున్నవారును, వారి శిక్షకులును. శిఖరమును సమీపించుచుండగా మంచుచరియ విరిగి, వారిలో పెక్కుమందిని లోతైన మంచుబీటలోనికి ఈడ్చుకొనిపోయెను. 29 మంది బలియైరి. మృతులలో సవితా కన్స్వాల్ అను శిక్షకురాలు కూడ నుండెను. ఆమె ఆ యేటి మే నెలలోనే ఎవరెస్టును, మకాలును 16 దినముల వ్యవధిలో అధిరోహించిన ధీరురాలు. అట్టి నేర్పరులకు సైతము అంతుచిక్కని ముప్పు ఆ తెల్లని వాలులో ఎట్లు దాగియుండును?

తెలుగువారికి 'మంచు' అన్నంతనే ధనుర్మాసపు ఉదయమున గడ్డిపరకలపై మెరయు బిందువులో, బాటను కప్పు పొగమంచో స్ఫురించును. హిమాలయములలో కురియు మంచు అట్టిది కాదు. అది దూదిపింజలవలె రాలి, నేలపై పేరుకొని, మాసముల తరబడి నిలుచును. తుపాను వచ్చినప్పుడెల్ల ఒక క్రొత్త పొర చేరును. ఎండకు పైపొర కరిగి, రాత్రికి గడ్డకట్టును. గాలికి రేణువులు నలిగి, ఒత్తుకొని గట్టిపడును. ఇట్లు కొండవాలు ఆ శీతకాలపు చరిత్రనంతయు పొరలలో దాచుకొనును. పైనుండి చూచువారికి మాత్రము అంతయు ఒకే తెలుపు.

ఈ పొరలన్నియు ఒకదానికొకటి గట్టిగా అతుకుకొనియున్నచో భయము లేదు. కాని కొన్ని పొరలు అతుకవు. మంచు పలుచగా నున్నప్పుడు, అడుగున నేల కొంత వెచ్చగాను, పైన గాలి మిక్కిలి చల్లగాను ఉండును. అప్పుడు అడుగునుండి ఆవిరి పైకి వచ్చుచు, మంచు రేణువులను పెద్ద పెద్ద పలుకులుగా మార్చును. అవి పంచదారవలె పొడిపొడిగా నుండి, చేత పట్టిన జారిపోవును. దీనిపై మరల మంచు కురిసి, గాలికి గట్టిపడి పలకవలె ఏర్పడును. వాలుగా నుంచిన పీటపై ఆవాలు చల్లి, వానిపై ఒక పలకను పెట్టినచో ఏమగును? వ్రేలితో ముట్టినను చాలును, పలక జారును. కొండపై ఆ పని మనుష్యుని పాదము చేయును. ప్రాణములు గొను ఇట్టి ప్రమాదములలో అత్యధికము చిక్కుకొన్నవారి బరువు వలననో, వారి సహచరుల బరువు వలననో సంభవించినవే. గట్టిగా అరచినంత మాత్రమున మంచుచరియలు విరుగునని చలనచిత్రములలో చూపుదురు గాని, అది నిజము కాదు.

వాలు ఎంత నిటారుగా నుండిన అంత ప్రమాదమని తలచుటయు పొరపాటే. మిక్కిలి నిటారైన చోట మంచు నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవును. 30 మొదలు 45 డిగ్రీల వరకు గల వాలులే ఎక్కువ అపాయకరములు. గాలి వీచు వైపున మంచు కొట్టుకొనిపోయి, శిఖరపు చాటున పేరుకొనును. కనుక చూపునకు ప్రశాంతముగా నుండు ఆ చాటువాలే మోసము చేయును. గొప్ప హిమవర్షము వెలసిన తరువాత ఒకటి రెండు దినములు ముప్పు హెచ్చు. నడచుచుండగా కాలిక్రింద 'ధుమ్మ'ను శబ్దము వినబడినను, అడుగు వేసిన చోటినుండి బీటలు పరుగెత్తినను, లోపలి పొర కూలినదని గ్రహింపవలెను.

చరియ నిలిచిన పిదప మంచు గచ్చువలె బిగిసికొనును. అందు చిక్కినవాడు వ్రేలినైనను కదల్పలేడు. మొదటి 10 నిమిషములలో వెలికి తీసినచో పెక్కుమంది బ్రదుకుదురు. అరగంట దాటిన పిమ్మట ఊపిరాడక మరణించువారే ఎక్కువ. అందుచేత తెలిసినవారు ప్రతియొక్కరును రేడియో సంకేతముల నిచ్చు చిన్న యంత్రమును, పొడవైన కడ్డీని, పారను వెంటగొని పోవుదురు. అనుమానాస్పదమైన వాలును ఒక్కొక్కరుగా దాటుదురు. తక్కినవారు చూచుచుందురు. దూరమునుండి వచ్చు సహాయము సాధారణముగా సమయమునకు అందదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు క్రింద కూరుకొనిపోయిన పదిమంది సైనికులలో కర్నూలు జిల్లావాసి యొకడు కలడు. వారిలో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు దినముల తరువాత ప్రాణములతో దొరకెను. అది అరుదైన వింత. అతడును ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూసెను.

భారతదేశమున ఈ విషయమును పరిశోధించుటకు 1969లో మనాలిలో ఒక సంస్థ ఏర్పడెను. 2020లో అది చండీగఢ్‌లోని రక్షణ భూసమాచార పరిశోధన సంస్థలో భాగమయ్యెను. అచ్చటివారు వాతావరణమును గమనించి ముందుగా హెచ్చరికలు చేయుచుందురు. అయినను ఆ దినమున ఆ వాలు ఎట్లున్నదో అచ్చటనే పరీక్షింపవలెను. ఆ పరీక్ష వింతగా నుండును. ముందు మంచులో గొయ్యి త్రవ్వుదురు. దాని గోడనుండి జానెడున్నర వెడల్పు గల చతురస్రపు స్తంభమును కోసి, దానిపై పారను పెట్టి, మొదట మణికట్టు కదలికతో పది దెబ్బలు, పిదప మోచేతి కదలికతో పది, తరువాత భుజబలముతో పది మెల్లగా హెచ్చించుచు కొట్టుదురు. మొదటి పది దెబ్బలలోనే పై పలక విడివడి జారినచో, గొయ్యిని పూడ్చి, ఆకాశము ఎంత నిర్మలముగా నున్నను, జట్టు శిబిరమునకు మరలును.