ధ్రువపత్రానికి దారి రొయ్యల గుంట గట్టు నుంచే
నైతిక వ్యాపార గుర్తింపునకు ప్రణాళికే ప్రాణం
వ్యయ భారం రైతు ఒక్కడిపైనే పడరాదు

బుచ్చిరెడ్డిపాలెం: కనిగిరి జలాశయం ఆయకట్టులోని వరి పొలాలు దాటి తూర్పు దిక్కుకు సాగితే విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల గుంటలు దర్శనమిస్తాయి. ఇటువంటి గుంటల్లో పట్టిన రొయ్యలు శుద్ధి కర్మాగారాల మీదుగా అమెరికా, ఐరోపా దుకాణాలకు చేరుతున్నాయి. ఆ రొయ్య ఏ గుంటలో పెరిగింది, మురుగునీరు ఎటు పోయింది, పొట్టు ఒలిచిన మహిళకు ఎంత కూలి ముట్టింది అన్న వివరాలను విదేశీ కొనుగోలుదారులు ఇప్పుడు ఆరా తీస్తున్నారు. వీటికి ఆధారాలతో సమాధానం ఉన్న సంస్థలకే నైతిక వ్యాపార ధ్రువపత్రం లభిస్తుంది. పత్రం కంపెనీ పేరిట వచ్చినా దాని షరతులు రైతు వరకు, కూలీ వరకు వస్తాయి. అందువల్ల దీని పూర్వాపరాలు వారికీ తెలియడం అవసరం.

గతం నేర్పిన పాఠం

జిల్లా తీరానికి ఈ విషయం కొత్తది కాదు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి ఇక్కడి రొయ్యల సాగును కుదిపివేసింది. ఉప్పునీరు పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి ఊరుతోందన్న ఆందోళన తీర గ్రామాల్లో వ్యక్తమైంది. ఎస్.జగన్నాథన్ దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పునిస్తూ, కాలుష్యానికి కారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని రొయ్యల సాగుకు వర్తింపజేసింది. అనంతరం పార్లమెంటు 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని చేసింది. 2009లో వనామీ రకానికి అనుమతి లభించడంతో సాగు మళ్లీ ఊపందుకుంది. 2023-24లో దేశం నుంచి రూ.60,523 కోట్ల విలువైన మత్స్య ఉత్పత్తులు ఎగుమతి కాగా, వాటిలో అగ్రభాగం రొయ్యలదే.

చట్ట ప్రకారం అనుమతులు పొందడం కనీస బాధ్యత. ధ్రువపత్రం దానికి ప్రత్యామ్నాయం కాదు, అంతకు మించిన స్వచ్ఛంద ప్రమాణం.

ఏ పత్రం దేనికి?

ధ్రువపత్రాలలో రెండు తెగలున్నాయి. మొదటి తెగ ఉత్పత్తికి సంబంధించినది. బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్, అంటే బ్యాప్ విధానంలో నక్షత్రాల గుర్తింపు ఉంటుంది. శుద్ధి కర్మాగారం ఒక్కటే ప్రమాణాలు పాటిస్తే ఒక నక్షత్రం దక్కుతుంది. గుంటలు, హేచరీ, మేత మిల్లు కూడా కలిస్తే నాలుగు నక్షత్రాలు లభిస్తాయి. 2010లో ఏర్పడిన ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ప్రమాణాలు ప్రధానంగా సాగు క్షేత్రాలను పరిశీలిస్తాయి.

రెండో తెగ యావత్తు కంపెనీ నడవడికకు సంబంధించినది. అమెరికాలో 2006లో స్థాపితమైన బి ల్యాబ్ సంస్థ ఇచ్చే బి కార్ప్ గుర్తింపు ఈ కోవలోనిది. గతంలో 200 మార్కులకు 80 తెచ్చుకుంటే సరిపోయేది. ఒక విభాగంలో వెనుకబడినా మరో విభాగంతో సరిపెట్టుకునే వీలుండేది. 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన కొత్త ప్రమాణాలు ఈ వెసులుబాటును తొలగించాయి. వాతావరణ చర్యలు, న్యాయమైన పని పరిస్థితులు, మానవ హక్కులు వంటి ఏడు అంశాల్లో ప్రతిదానిలోనూ కనీస ప్రమాణం చేరుకోవాలి.

తొలి మెట్టు లెక్కలు

ప్రణాళికకు పునాది ఒక ఏడాది వాస్తవ లెక్కలు. కర్మాగారంలో వాడిన విద్యుత్తు, డీజిల్, ఐసు, నీరు, విడిచిన మురుగు, జరిగిన ప్రమాదాలు, చెల్లించిన వేతనాలు నమోదు చేయాలి. గుంటల వద్ద పిల్ల తెచ్చిన హేచరీ, మేత, మందులు, పట్టుబడి తేదీ గుంట సంఖ్యతో సహా రాయాలి. ఈ పుస్తకం లేనిదే ఎగుమతి పెట్టెలోని రొయ్యను గుంట వరకు వెనక్కి గుర్తించడం అసాధ్యం.

లెక్కలు రైతుకూ మేలు చేస్తాయి. కిలో రొయ్యకు కిలోన్నర మేత పడుతుంటే 10 టన్నుల దిగుబడికి 15 టన్నుల మేత కావాలి. యాజమాన్యం మెరుగుపడి 1.3 కిలోలకు తగ్గితే 13 టన్నులు చాలు. రెండు టన్నుల మేత ఖర్చు మిగలడమే గాక, తినకుండా అడుగున కుళ్లే వ్యర్థమూ తగ్గుతుంది.

గడువు లేని లక్ష్యం వృథా

లెక్కలు తేలాక ఎక్కువ హాని జరిగే చోటును ముందుగా ఎంచుకోవాలి. ప్రాంగణంలో మొక్కలు నాటడం మంచిదే అయినా, మురుగు నేరుగా కాలువలోకి పోతుంటే దానివల్ల ఒనగూరే ప్రయోజనం స్వల్పం. పర్యావరణాన్ని పరిరక్షిస్తామన్న వాక్యం లక్ష్యం అనిపించుకోదు. రానున్న పట్టుబడిలోగా నీటి శుద్ధి గుంట తవ్వుతాం, బాధ్యుడు ఫలానా అధికారి, వ్యయం ఇంత అని రాసుకుంటేనే అది ప్రణాళిక.

యాంటీబయాటిక్స్ విషయంలో ఉపేక్ష ఎంతమాత్రం పనికిరాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వాడకం నిషిద్ధం. 2016లో ఐరోపా సమాఖ్య భారత సాగు రొయ్యల సరకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఒక గుంటలో జరిగిన తప్పుకు కంటెయినర్ మొత్తం వెనుదిరిగే ప్రమాదముంది.

కార్మికులే కొలమానం

2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ భారత రొయ్యల పరిశ్రమపై నివేదిక విడుదల చేసింది. తక్కువ వేతనాలు, ప్రమాదకర పరిస్థితులు, అప్పుల ఊబిలో కార్మికులు ఉన్నారని అందులో ఆరోపించింది. తనిఖీలు, ధ్రువపత్రాలు ఉన్నా ఇవి బయటపడటం లేదని పేర్కొంది. తనిఖీ రోజున చేతి తొడుగులు ఇచ్చి మరునాడు తీసివేస్తే పత్రానికి విలువ ఉండదు.

కనీస వేతనం, భవిష్యనిధి, ఈఎస్ఐ వంటి చట్టబద్ధ హక్కులు గుత్తేదారు ద్వారా వచ్చిన కూలీలకూ అందాలి. మహిళలే అధికంగా పనిచేసే ఈ రంగంలో, 2013 చట్టం ప్రకారం పది మంది అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత సంఘం తప్పనిసరి. ఫిర్యాదు చేసిన వారిని పనినుంచి తొలగించబోమన్న భరోసా లిఖితపూర్వకంగా, వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఖర్చు ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. శుద్ధి గుంటకు కొంత నేల వదులుకోవాలి. నీటి పరీక్షలకు, తనిఖీ రుసుముకు డబ్బు కావాలి. ధ్రువపత్రం విపణిలోకి ప్రవేశం కల్పిస్తుందే గాని, కౌంట్ ధర పెరుగుతుందన్న హామీ ఇవ్వదు. రెండు మూడు ఎకరాల రైతు ఈ భారాన్ని ఒంటరిగా మోయలేడు.

చిన్న రైతులు సమూహంగా ఏర్పడితే ఉమ్మడి ధ్రువీకరణకు అవకాశముంది. శుద్ధి గుంట, పరీక్షలు, రికార్డుల నిర్వహణ కలిసి చేసుకోవచ్చు. కంపెనీ సైతం తనిఖీ వ్యయంలో వాటా భరించి, ప్రమాణాలు పాటించిన సరకుకు ఎంత అదనంగా చెల్లిస్తుందో పంటకు ముందే ఒప్పందంలో రాయాలి. అది లేనినాడు ప్రతిష్ఠ కంపెనీకి, ఖర్చు రైతుకు మిగులుతాయి.

ఏ కంపెనీ అయినా ధ్రువపత్రం కోసం షరతులు తెచ్చినప్పుడు రైతులు మూడు విషయాలు అడిగి తెలుసుకోవడం మేలు. తనిఖీ రుసుము ఎవరు చెల్లిస్తారు? పత్రం ఎవరి పేరిట ఉంటుంది? కొనుగోలుదారు మారితే ఆ పత్రం రైతుకు పనికొస్తుందా? వీటికి రాతపూర్వక సమాధానం పొందిన తరువాతే సంతకం చేయడం శ్రేయస్కరం.