ఫుట్‌బాల్ అభిమానం – క్రీడాకారుని శేషజీవితం

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని మన పెద్దలు చెప్పినారు. ఈ సామెత అందరికీ వర్తించేదే అయినా, ఫుట్‌బాల్ క్రీడాకారునికి వర్తించినంతగా మరొకరికి వర్తించదు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, వైద్యుడు దాదాపు 60 ఏండ్ల వయస్సు వరకు తమ వృత్తిలో కొనసాగగలరు. వయస్సుతోబాటు వారి అనుభవానికి విలువ పెరుగుతుంది. ఫుట్‌బాల్ ఆటగాని స్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. అతని దీపం 18, 20 ఏండ్ల ప్రాయంలో వెలుగుతుంది. సాధారణంగా 35 నిండునప్పటికే కొండెక్కుతుంది. మోకాలి గాయమో, అనారోగ్యమో తోడైనచో అంతకంటె ముందే. తోటివారు జీవితంలో స్థిరపడుతున్న వయస్సులో అతడు వృత్తిని విరమించి, మిగిలిన మూడు నాలుగు దశాబ్దాలు ఎట్లు గడపవలెనని ఆలోచించవలసి వస్తుంది.

మైదానంలో అతని పేరు పలుకుతూ గొంతులు బొంగురుపోవునట్లు అరచిన వేలాది ప్రేక్షకులు ఆ వేళ ఎక్కడ ఉంటారు? అభిమానం అనునది ఆటతోనే ఆరంభమై ఆటతోనే అంతరించవలసినదేనా? భారత ఫుట్‌బాల్‌కు ఒకప్పుడు పుట్టినిల్లువంటిదై వెలసిన మన హైదరాబాదు నగరపు ఆటగాళ్ళ జీవితాలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట అభిమానం ఎట్టిదో తెలిసికొనవలెను. మన దేశంలో దాని పరాకాష్ఠను చూడగోరువారు కలకత్తా నగరం వైపు చూడవలసినదే. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అను మూడు క్లబ్బులు తరతరాలుగా జనజీవనంలో భాగమైనవి. ఈస్ట్ బెంగాల్ గెలిచిననాడు ఆ జట్టు అభిమానుల ఇండ్లలో ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిచిననాడు ఆ పక్షంవారి ఇండ్లలో రొయ్య వండుకొనుట ఒక ఆచారం. మన గోదావరి వాసులు ప్రాణప్రదంగా చూచుకొను పులసయే ఆ ఇలిష్. మహమ్మదన్ స్పోర్టింగ్ 1934లో కలకత్తా లీగును గెలిచిన తొలి భారతీయ జట్టుగా చరిత్రకెక్కి, 1938 వరకు వరుసగా అయిదేండ్లు ఆ గౌరవాన్ని నిలుపుకొన్నది. ఆ విజయాలను వలస పాలన నాటి ప్రజలు తమ విజయాలుగానే భావించినారు.

ఇట్టి అభిమానం ప్రాణాంతకమైన సందర్భమూ కలదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌ల మధ్య పోటీ జరుగుచుండగా ప్రేక్షకుల నడుమ చెలరేగిన ఘర్షణలో, తొక్కిసలాటలో 16 మంది మరణించినారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అభిమాని ప్రేమించునది ప్రధానంగా జట్టును, దాని రంగులను. ఆటగాడు ఆ రంగుల చొక్కా ధరించినంతవరకే ఆ ప్రేమలో అతనికి భాగం. నిన్నటివరకు పూలదండలు వేసినవారే అతడు ఎదుటి క్లబ్బులో చేరిననాడు దూషణలకు పూనుకొంటారు. ఆట మానిన పిమ్మట అదే చొక్కాను మరొక యువకుడు తొడుగుకొంటాడు. జయజయధ్వానాలు అతని వైపు మరలుతవి. అభిమానులు కృతఘ్నులని దీని అర్థం కాదు. అభిమానం స్వభావమే అట్టిది. కావుననే ఆటగాని భవిష్యత్తును కేవలం అభిమానం మీద వదలివేయుట క్షేమం కాదు.

ఇక మన నగరం సంగతి. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన మహనీయుడు. ఆయన శిక్షణలో పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించినది; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందినది; 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1 గోల్స్‌తో ఓడించి తిరిగి స్వర్ణం గెలిచినది. జకార్తా నాటికే కాన్సర్ వ్యాధిగ్రస్తుడైన రహీం సాహెబ్ 1963 జూన్ 11న కన్నుమూసినారు.

ఆనాటి ఆటగాళ్ళు నేటి అర్థంలో వృత్తి క్రీడాకారులు కారు. పోలీసు శాఖ, సైన్యం, రైల్వేలు, ఓడరేవులు, కర్మాగారాలు మంచి ఆటగాళ్ళను ఉద్యోగులుగా చేర్చుకొనెడివి. పేరుకు కానిస్టేబులో, గుమాస్తాయో అయినా ఆడగలిగినంతకాలం అతని ప్రధాన కర్తవ్యం ఆటయే. కాళ్ళలో సత్తువ తగ్గిన పిమ్మట అదే శాఖలో సాధారణ విధులు నిర్వర్తించుచు, నెలజీతంతో సంసారం గడుపుకొని, చివరకు పింఛను పొందెడివాడు. ఆటవలన సంపద చేకూరలేదు గాని, ఆట ముగిసిననాడు అన్నానికి కొరత కలుగలేదు. ఆ ఉద్యోగమే అతనికి భీమా; అదే అతని వృద్ధాప్యానికి ఊతకర్ర.

ఇందుకు నిదర్శనాలు కలవు. రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఆయన వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరుగా పనిచేసి, అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకునిగా ఆటకు సేవచేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో మరణించినారు. ఎత్తుకు, చురుకుదనానికి పేరుగాంచిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ ఆట విరమించిన పిమ్మట బొకారో ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2008లో ఆ ఊరిలోనే తుదిశ్వాస విడిచినారు.

తులసీదాస్ బలరాం కథ మరింత ఆలోచింపజేయునది. సికిందరాబాదు సమీపాన అమ్ముగూడలో పుట్టిన ఈ పేదింటి బిడ్డ, పి. కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి భారత దాడి పంక్తికి మూడు స్తంభాలలో ఒకడుగా నిలిచినాడు. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో ఆడినాడు. జకార్తా స్వర్ణంలో భాగస్వామి అయినాడు. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించినాడు. అంతటి ఆటగాడు ఊపిరితిత్తుల వ్యాధివలన 1963లో, 30 ఏండ్లు నిండకయే, ఆట విరమించవలసి వచ్చినది. రైల్వే ఉద్యోగమే లేకున్నచో ఆయన గతి ఏమై ఉండునో ఊహించుట కష్టం కాదు. శేషజీవితం కలకత్తా చెంత ఉత్తర్‌పాడాలో, గంగ ఒడ్డున, నిరాడంబరంగా గడపి 2023 ఫిబ్రవరి 16న మరణించినారు. బెనర్జీ, గోస్వామి ఇరువురూ 2020లోనే కన్నుమూయుటచే ఆ త్రయం చరిత్రలో కలిసిపోయినది.

ఈ మార్గాన్ని కాదని మరొక మార్గాన్ని ఎంచుకొన్న సాహసి మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదులో జన్మించిన ఈయన కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, ‘బడే మియా’గా ప్రేక్షకుల హృదయాలలో నిలిచినాడు. మరొక హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టులో ఆడినాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2తో సమానంగా నిలిచిననాడు ఒక గోల్ హబీబ్‌ది. కలకత్తాలో ఉద్యోగాలు ఎదురువచ్చినా స్వీకరింపక, ఆటయే తన వృత్తి అని ప్రకటించుకొన్నందున ఆయనను భారతదేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఒకనిగా పరిగణిస్తారు. దేశంలో వృత్తి ఫుట్‌బాల్‌కు జాతీయ లీగు ఏర్పడినది 1996లో. అనగా వృత్తికి రక్షణ ఏర్పడకముందే ఆయన ఆ వృత్తిని వరించినాడు. పిమ్మట టాటా ఫుట్‌బాల్ అకాడమీ మొదలగు చోట్ల శిక్షకునిగా పనిచేసినాడు. వృద్ధాప్యంలో పార్కిన్సన్ వ్యాధి, మతిమరపు వ్యాధి బాధింపగా 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించినాడు. ఒకే సంవత్సరంలో, ఆరు నెలల వ్యవధిలో, బలరాం, హబీబ్ ఇరువురినీ మనం కోల్పోయినాము.

ఉద్యోగపు నీడ నుండి ఆటను పూర్ణవృత్తిగా మార్చుటవలన కలుగు లాభనష్టాలు ఇతర దేశాలకు మనకంటె ముందే అనుభవమైనవి. ఇంగ్లండులో 1961 జనవరి వరకు ఎంతటి ఆటగానికైనా వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఈయరాదను నియమం ఉండెడిది. 1907లో స్థాపితమైన ఆటగాళ్ళ సంఘం దీర్ఘకాలం పోరాడి, సమ్మెకు సైతం సిద్ధపడి, ఆ నియమాన్ని రద్దు చేయించినది. చిరకాలం సేవచేసిన ఆటగాని గౌరవార్థం ఒక ప్రత్యేక పోటీ జరిపి, టిక్కెట్లపై వచ్చిన సొమ్మును అతనికే ఇచ్చు సంప్రదాయం కూడా ఆ దేశంలో వర్ధిల్లినది. అభిమానాన్ని భద్రతగా మార్చుటకు అది ఒక చక్కని ఉపాయం.

బ్రెజిల్ దేశపు గారించా జీవితం ఇందుకు విషాదకరమైన విరుద్ధోదాహరణం. 1958, 1962 ప్రపంచ కప్పులు గెలిచిన జట్లలో అతడు మేటి. అట్టివాడు మద్యపాన వ్యసనానికి, పేదరికానికి లోనై 1983లో, 49 ఏండ్ల వయస్సున మరణించినాడు. అంతిమయాత్రకు జనం వేలకొలది తరలివచ్చినారు. ఆ జనంలో కొంత శ్రద్ధ అతడు బ్రతికియుండగా ఒక వ్యవస్థ రూపం ధరించి ఉన్నచో ఎంత బాగుండెడిది!

ధనంతోబాటు దేహం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండు ఆటగాడు జెఫ్ ఆస్టల్ 2002లో 59 ఏండ్లకే మరణించగా, బంతిని పలుమార్లు తలతో కొట్టుటవలన మెదడు దెబ్బతిన్నదని, అది వృత్తివలన కలిగిన వ్యాధియేనని విచారణాధికారి నిర్ణయించినాడు. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాట్లండుకు చెందిన మాజీ వృత్తి క్రీడాకారుల రికార్డులను పరిశీలించి, మెదడు క్షీణించు వ్యాధులతో మరణించువారు సామాన్య జనంలోకంటె వారిలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని కనుగొన్నారు. అయితే గుండెజబ్బుతో మరణించువారు వారిలో తక్కువ. ఏ ఒక్క ఆటగాని వ్యాధికీ ఆటయే కారణమని దీనిని బట్టి చెప్పరాదు. కాని ఆట ముగిసిన తరువాత వైద్య పరీక్షలు, చికిత్స కొనసాగవలసిన ఆవశ్యకత దీనివలన స్పష్టమగుచున్నది.

మన ప్రభుత్వం ఈ విషయంలో కేవలం మౌనం వహించలేదు. ఆర్థిక ఇబ్బందులలోనున్న క్రీడాకారుల సహాయార్థం 1982లో జాతీయ సంక్షేమ నిధి ఏర్పడినది. 1994లో ప్రతిభావంతులైన క్రీడాకారులకు పింఛను పథకం ప్రారంభమైనది. అయితే ఆ పింఛను ఒలింపిక్, ప్రపంచస్థాయి, ఆసియా, కామన్వెల్త్ క్రీడలలో పతకాలు గెలిచినవారికి ఉద్దేశించినది. ఫుట్‌బాల్ కామన్వెల్త్ క్రీడలలో లేదు. ఆసియా క్రీడలలో మన జట్టు పతకం గెలిచినది చివరిసారిగా 1970లో. అనగా ఆ తరువాత ఆడిన మన ఫుట్‌బాల్ ఆటగాళ్ళెవరూ ఆ ద్వారం గుండా ప్రవేశించలేరు. ప్రతి వారం మైదానంలో చెమటోడ్చి, లక్షలాది జనాన్ని అలరించిన క్లబ్బు ఆటగాడు పతకం లేనందున ఆ లెక్కకు రాడు. ఒకవైపు శాఖల ఉద్యోగాల నీడ తగ్గిపోగా, మరొకవైపు పింఛను అందక, సామాన్య ఆటగాడు నడుమ నిలిచిపోయినాడు. 2006లో ఏర్పడిన భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘం వంటివి బలపడినగాని ఈ లోటు తీరదు.

కావున చేయవలసినది ఏమి? ఆటగాడు ఆడుచున్ననాడే చదువు మానకుండుట, శిక్షకునిగానో రిఫరీగానో అర్హత సంపాదించుట, సంపాదనలో కొంత భాగం నిలువచేయుట అతని ధర్మం. ఒప్పందంలోనే గాయాలకు భీమా, ప్రావిడెంట్ ఫండు చేర్చుట క్లబ్బుల ధర్మం. పతకాలనే కాక ఆడిన సంవత్సరాలను సైతం పరిగణించి పింఛను ఇచ్చుట ప్రభుత్వ ధర్మం.

మరి అభిమాని ధర్మమో? రహీం సాహెబ్ మరణించిన 60 ఏండ్లకు, 2024లో, ఆయన జీవితంపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రం వెలువడినది. దానిని చూచి కన్నులు చెమర్చినవారు, తమ వీధిలోనే ఊతకర్రతో నడచుచున్న ముదుసలి ఒకప్పుడు సంతోష్ ట్రోఫీ ఆడినవాడని తెలిసికొన్నచో ఆ కన్నీటికి సార్థకత కలుగుతుంది. అట్టివారిని మన కళాశాల క్రీడోత్సవాలకు ఆహ్వానించి గౌరవించవచ్చును. వారి జ్ఞాపకాలను ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి ఈ సంచికలోనే ప్రకటించవచ్చును. వారి సహాయార్థం ఒక పోటీ జరిపి వచ్చిన సొమ్మును వారికి అందజేయవచ్చును. ఇవి విద్యార్థుల శక్తికి మించినవి కావు.

ఆటగాడు తన యౌవనాన్ని నూనెగా పోసి మన సాయంకాలాలను వెలిగించినాడు. ఆ వెలుగులో ఆనందించిన మనము, దీపం కొండెక్కిన పిమ్మట అతని ఇంట చీకటి క్రమ్మకుండ చూడవలసినవారము. చివరి ఈల మ్రోగిన తరువాత కూడా నిలిచిన అభిమానమే నిజమైన అభిమానమని మా విద్యార్థి సోదరులు, సోదరీమణులు గ్రహింతురు గాక!