పశువుల జబ్బులు — జమాఖర్చుల లెక్క

పశువు చచ్చిననే నష్టమనియు, బ్రతికినచో నష్టము తప్పినదనియు మన రైతులలో పెక్కుమంది తలచుచున్నారు. ఒక గ్రామములో గాలికుంటు వ్యాధి వచ్చి తగ్గిన గేదెను చూపించి దాని యజమాని నాతో, "బ్రతికి బట్టకట్టింది గదండీ, ఇంక నష్టమేముంది?" అనెను. నేను పశువైద్యుడను కాను. మందుల సంగతి వారే చెప్పవలెను. కాని జమాఖర్చులు వేయుట నాకు తెలియును గనుక, ఆయన అరుగుమీదనే కూర్చుండి ఇద్దరమును లెక్క కట్టితిమి. దానినే గుండ్రని అంకెలలో ఇక్కడ వ్రాయుచున్నాను. పాలధర, దాణాధర ఊరికొక విధముగా నుండును. పాఠకులు తమ ఊరి ధరలు వేసి చూచుకొనవలెను.

అది రెండవ ఈత గేదె. ఈని మూడు నెలలైనది. రోజుకు 8 లీటర్లు ఇచ్చుచుండెను. లీటరు 50 రూపాయలనుకొందము. జబ్బుపడిన 20 రోజులును 3 లీటర్లకు మించి ఇయ్యలేదు. అక్కడ పోయినవి 100 లీటర్లు, అనగా 5,000 రూపాయలు. నోటి పుండ్లు, గిట్టల పుండ్లు మానిన తరువాత మేత తినసాగినది గాని పాలు మునుపటివలె రాలేదు. నాలుగు నెలలపాటు రోజుకు 2 లీటర్లు తక్కువ. అవి 240 లీటర్లు, 12,000 రూపాయలు. మందులకు, రాకపోకలకు 1,500 అయినది.

ఇంతవరకు రైతుకు తెలిసినదే. తెలియనిది ఎద తప్పుట. చూలు కట్టని గేదె సుమారు 21 రోజులకొకసారి ఎదకు వచ్చును. జబ్బు వలన రెండు ఎదలు తప్పినవి. అందుచే తరువాతి ఈత 42 రోజులు వెనుకకు పోయినది. ఈ 42 రోజులు వట్టిపోయిన కాలములో చేరును. అనగా ఒక్క చుక్క పాలు లేకుండ మేపవలెను. మేతకు, కూలికి రోజుకు 150 చొప్పున 6,300 రూపాయలు. మొత్తము 24,800.

లెక్క న్యాయముగా నుండవలెనన్నచో మిగిలినదియు చూపవలెను. పాలు తగ్గినపుడు దాణాయు తగ్గించెను. రెండు లీటర్లకు ఒక కిలో చొప్పున 340 లీటర్లకు 170 కిలోలు, కిలో 25 చొప్పున 4,250 రూపాయలు మిగిలినవి. అది తీసివేయగా నికరనష్టము 20,550. ఆ అంకె చూచి ఆయన కొంతసేపు మాటాడలేదు. తరువాత కూడికలు మరల చేయించెను.

ఇక నివారణ ఖర్చు. 2019 లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమము క్రింద గాలికుంటు టీకా ఉచితముగా వేయుచున్నారు. ఆరు నెలలకొకసారి వేయింపవలెను. దూడలకు నాలుగవ నెలలో మొదటిది, మరొక నెలకు రెండవది. ఉచితమైనంత మాత్రమున రైతుకు ఖర్చు లేదనరాదు. టీకా వేసిన రెండు మూడు రోజులు పాలు కొంచెము తగ్గవచ్చును. "పాలు ఎగ్గొట్టింది" అని టీకావారిని తిట్టువారు ఇందువలననే. రోజుకొక లీటరు చొప్పున మూడు రోజులు, ఏడాదికి రెండుసార్లు వేసినను 300 రూపాయలు. పశువును తోలుకొనివచ్చి నిలిపినందుకు కూలి 500 వేయుదము. గేదె ఒక్కింటికి ఏడాదికి 800.

టీకా వేసిన ప్రతి పశువును జబ్బు సోకదని చెప్పుటకు వీలులేదు. మూడింట రెండు వంతులకే పనిచేయునని తక్కువగా వేసికొందము. అపుడు జబ్బు వచ్చిన ఏట సగటున మిగులునది 13,700. దీనిని 800 చేత భాగించగా సుమారు 17. మీ కొట్టములోనికి ఈ జబ్బు 17 సంవత్సరములకు ఒక్కసారియే వచ్చునన్నను టీకా గిట్టును. అంతకంటె అరుదుగా వచ్చునని మన ప్రాంతములో ఏ రైతు చెప్పగలడో నాకు తెలియదు.

అయితే లెక్క ఎల్లప్పుడును ఖర్చు పెట్టుమనియే చెప్పదు. పొదుగువాపు వ్యాధిని చూడుడు. చిన్న ఈతల గేదెకు మొదటి రోజుననే వైద్యము చేయించి, 4,000 రూపాయలు పెట్టి ఒక చన్నును కాపాడితిమనుకొందము. మందు వాడిన రోజులలోను, ఆ తరువాత వైద్యుడు చెప్పిన గడువు వరకును పాలు అమ్మరాదు గనుక, ఆ పాల విలువయు ఇందులోనే చేర్చవలెను. ఆ చన్ను రోజుకు 2 లీటర్ల చొప్పున 200 రోజులిచ్చినను 20,000 వచ్చును. దాణాకు 5,000 పోగా మిగిలిన 15,000 ఈ ఒక్క ఈతకే. ముందు ఈతలు ఇంకను గలవు. ఎనిమిదవ ఈతలో, రెండు చన్నులు ఎండి, మూడవది వాచిన గేదె విషయము వేరు. దాని బాధ తగ్గించుట విధియే. కాని పాల కొరకు వేలకువేలు పోయుట తగదు. "లక్ష పోసి కొన్నానండీ" అని రైతు ఆశ వదలలేడు. పోసిన లక్ష ఎట్లును పోయినదే, వైద్యము చేయించినను చేయింపకున్నను అది తిరిగిరాదు. ఇకమీదట వచ్చునదెంత, ఇకమీదట పెట్టవలసినదెంత అనునదే చూడవలెను.

గాలికుంటు వంటి అంటువ్యాధులలో మరియొక చిక్కు గలదు. టీకా వేయించని రైతు నష్టము అతనితో ఆగదు. ఒకే చెరువు నీరు, ఒకే బీడు, ఒకే సంత. పొరుగువాని నష్టము అతని పద్దులో పడదు గనుక, ఎవరికి వారు లెక్క వేసికొన్నచో ఊరికి కావలసినన్ని టీకాలు పడవు. ప్రభుత్వము ఈ ఖర్చు భరించుటకు కారణమిదియే. ముసరవ్యాధి ఇట్లే పోయినది. 1954 లో మొదలైన జాతీయ కార్యక్రమము దశాబ్దముల తరబడి నడువగా, 2006 నాటికి మన దేశమునకు ఆ వ్యాధి లేదను గుర్తింపు లభించెను. 2011 లో ప్రపంచమునుండియే అది తొలగినదని ప్రకటించిరి. టీకా దినమున ఏ ఇల్లు తప్పిపోయినదో గ్రామాధికారులు ఇంటి వరుసన చూడవలసినది ఇందులకే. జబ్బుపశువును దాచి సంతకు తోలనీయకుండుటయు అంతే ముఖ్యము.

పై రైతు మరుసటి విడత టీకాకు తన పశువులను స్వయముగా తోలుకొనివచ్చెను. వట్టిపోయిన ముసలి గేదెను మాత్రము ఇంటివద్దనే కట్టివేసి, "పాలివ్వని దానికి ఎందుకండీ?" అనెను. జబ్బు తెచ్చుటకు అది పాలివ్వనక్కరలేదని చెప్పి, దానినిగూడ తెప్పించితిమి.